చీమ మొహం నుంచి నాన్న కన్ను దాకా

2022లో ఒక ఫొటో మీ వాట్సాప్‌కి కూడా వచ్చే ఉంటుంది. నల్లటి చీకట్లోంచి ఒక రాక్షసి మొహం మన వైపే చూస్తుంటుంది. ఎర్రగా మండే రెండు కళ్లు, కోరల్లాంటి దవడలు. కింద "ఇది గ్రాఫిక్స్ కాదు, చీమ మొహం" అని రాసి ఉంటుంది. మా కాలేజీ గ్రూపులో అందరూ దాన్ని అటూ ఇటూ ఫార్వర్డ్ చేసుకున్నారు. నేనూ చేశాను. ఎవరు తీశారు, ఎలా తీశారు అని మాలో ఒక్కడూ అడగలేదు.

తీసింది లిథువేనియాకి చెందిన యూజీనియస్ కవలియౌస్కస్ అనే ఫొటోగ్రాఫర్. అసలు ఆ ఫొటోలో కళ్లలా కనిపించేవి కళ్లే కావు. చీమ మీసాలు మొలిచే చోట్లు. ఆ ఫొటో 'నికాన్ స్మాల్ వరల్డ్' అనే పోటీకి వచ్చింది. మైక్రోస్కోప్‌లోంచి తీసిన ఫొటోలకి మాత్రమే జరిగే పోటీ అది. 1975 నుంచి ఏటా జరుగుతోంది. తమాషా ఏంటంటే, ప్రపంచమంతా తిరిగిన ఆ చీమ మొదటి ఇరవై ఫొటోల్లో కూడా లేదు. చీమే అలా ఉంటే ఇక మొదటి ఇరవై ఎలా ఉంటాయి అని నాకప్పుడే అనిపించింది. అనిపించి, అందరిలాగే మర్చిపోయాను.

పోటీ అయ్యాక ఎంపికైన ఫొటోలని పెద్ద పెద్ద ప్రింట్లు తీసి, ఫ్రేములు కట్టి, అమెరికాలో మ్యూజియాలకీ యూనివర్సిటీలకీ తిప్పుతారు. మన ఊళ్లలో సురభి వాళ్లు డేరా వేసి, కొన్నాళ్లు నాటకాలాడి, మళ్లీ సామాను సర్దుకుని పక్క ఊరికి పోయేవాళ్లు చూడండి, అలాగన్నమాట. 2024 ఆగస్టులో ఆ ఫొటోలు మాకు దగ్గర్లో ఒక చిన్న ఊరికి వచ్చాయని తెలిసింది. ఆ ఊరి పేరు రాయను. మీరిది చదివేసరికి అవి ఇంకో ఊరికి వెళ్లిపోయి ఉంటాయి.

ఎర్రమట్టి దారిలో

మేముండేది అట్లాంటాకి ఉత్తరాన, కమ్మింగ్‌లో. నేనూ, మా రూమ్మేటూ. వాడిది కరీంనగర్. శుక్రవారం లీవ్ పెట్టి వెళ్దాం అంటే వాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"అరే భయ్, ఫొటోలు ఫోన్ల చూస్తే కాదా? గీ దానికి లీవ్ పెట్టాల్నా?"

శనివారమే వెళ్లొచ్చు. కానీ దారిలో ఇంకోటి చూడాలనుకున్నాను, అది అప్పట్లో శని, ఆదివారాలు తెరిచేవాళ్లు కాదు. అట్లాంటాలో క్లిఫ్టన్ రోడ్ మీద ఉన్న సీడీసీ మ్యూజియం. కరోనా రోజుల్లో న్యూస్ చూసిన వాళ్లకి సీడీసీ పేరు తెలిసే ఉంటుంది. అమెరికా వాళ్ల అంటువ్యాధుల నియంత్రణ సంస్థ. మ్యూజియానికి టికెట్ లేదు. కాకపోతే గేటు దగ్గర ఐడీ చూశారు, కారు తనిఖీ చేశారు. మావాడు డిక్కీ తెరిచి చూపిస్తూ, "లోపల బియ్యం బస్తా తప్ప ఏం లేదు సార్" అని తెలుగులో గొణిగాడు.

ఇంత పెద్ద సంస్థ వాషింగ్టన్‌లో కాకుండా అట్లాంటాలో ఎందుకుందో ఎప్పుడైనా ఆలోచించారా? నేనైతే ఆలోచించలేదు. కారణం దోమ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో మలేరియా ఉండేది. ఇక్కడి సైనిక శిబిరాలని మలేరియా నుంచి కాపాడటానికి 1942లో ఒక విభాగం పెట్టారు. యుద్ధం అయ్యాక 1946 జులై 1న అదే సీడీసీగా మారింది. మొదట్లో 400 మంది కూడా లేరు. వాళ్లలో డాక్టర్ల కంటే ఇంజనీర్లు, కీటకాల శాస్త్రవేత్తలే ఎక్కువ. మరుసటి ఏడాది పక్కనే ఉన్న ఎమరీ యూనివర్సిటీకి నామమాత్రంగా 10 డాలర్లిచ్చి 15 ఎకరాలు తీసుకున్నారు. 1951కల్లా అమెరికాలో మలేరియా పోయింది.

"అంటే మన ఏజెన్సీ లెక్కనే ఉండెనా ఈ ఏరియా?" అన్నాడు మావాడు.

అలాగే ఉండేదిట. బయటికొచ్చి తూర్పు వైపు హైవే ఎక్కాక నాకూ నమ్మాలనిపించింది. రోడ్డు పక్కన ఎక్కడ తవ్వినా ఎర్రమట్టి. చెట్లని పూర్తిగా కప్పేసిన కుడ్జు తీగలు. ఉక్కపోత. మధ్యలో ఒకచోట చెక్క మీద చేత్తో రాసిన బోర్డు: ఉడకబెట్టిన వేరుశెనక్కాయలు. జార్జియా వాళ్లు కూడా మనలాగే పచ్చి కాయలని ఉప్పు నీళ్లలో ఉడకబెట్టి, వేడివేడిగా పొట్లం కట్టి అమ్ముతారు. వచ్చేటప్పుడు కొనుక్కుందాం అనుకున్నాం.

నాకు మాత్రం మలేరియా అన్న మాట విన్న దగ్గర్నుంచి నాన్నే గుర్తొస్తున్నారు.

31 ఏళ్లు ఒకే కుర్చీ

మా నాన్న ల్యాబ్ టెక్నీషియన్. తూర్పు గోదావరి ఏజెన్సీలో, మారేడుమిల్లి వైపు కొండల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 31 ఏళ్లు పనిచేశారు. వానలు మొదలయ్యాయంటే గూడేల్లో చలిజ్వరాలు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, వేలికి సూది గుచ్చి, గాజు స్లైడ్ల మీద రక్తం తీసుకొచ్చేవాళ్లు. ఒకే స్లైడ్ మీద రెండు పూతలు. ఒకటి మందపాటి చుక్క, దాంట్లో క్రిమి ఉందో లేదో చూస్తారు. పక్కనే పల్చగా లాగినది ఇంకోటి, దాంట్లో ఏ రకం మలేరియానో చూస్తారు.

కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు కాబట్టి నాన్న బల్ల కిటికీ పక్కనే ఉండేది. మైక్రోస్కోప్ కింద చిన్న అద్దం. ఆ అద్దాన్ని తిప్పి ఎండని లోపలికి పట్టుకునేవారు. స్లైడ్ మీద ఒక నూనె చుక్క, ఆ చుక్కని తాకేలా లెన్స్. వెయ్యి రెట్లు పెద్దదిగా కనిపిస్తుంది. ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరిచి, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అలా కూర్చునేవారు. మధ్యలో మెడ పట్టేస్తే లేచి నిలబడి, కొండల వైపు చూసి, మళ్లీ కూర్చునేవారు.

లెన్స్‌లో గుండ్రంగా కనిపించే ఆ ఒక్క ముక్కని 'ఫీల్డు' అంటారు. ఒక ఫీల్డు చూశాక స్లైడ్‌ని కొంచెం జరిపి ఇంకోటి. అలా వంద ఫీల్డులు చూశాకే నెగటివ్ అని రాయాలి. నాన్న దీన్ని ఇంట్లో సామెతలా వాడేవారు. నేను పుస్తకం కనపడట్లేదు అంటే, "ఎన్ని ఫీల్డులు చూశావురా?" అనేవారు.

నేను ఇంటర్‌లో ఉండగా ఒక పెళ్లికి హైదరాబాద్ వెళ్లాం. ప్రసాద్స్‌లో సినిమాకి తీసుకెళ్తారనుకుంటే, బేగంపేట పాత ఎయిర్‌పోర్టు దగ్గర ఒక పాత బంగళా ముందు నిలబెట్టారు. రొనాల్డ్ రాస్ పనిచేసిన చోటు. మలేరియా దోమ వల్ల వస్తుందని రుజువు దొరికింది అక్కడే, 1897 ఆగస్టు 20న. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించిన దోమల్ని కోసి, ఒక దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు రాస్. కుట్టించుకున్నందుకు హుసేన్ ఖాన్‌కి దోమకి ఒక అణా చొప్పున ఇచ్చాడు. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఆ ఉక్కలోనే కూర్చున్నాడు. చెమట కారి కారి మైక్రోస్కోప్ మరలు తుప్పు పట్టాయట. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది.

నాన్న ఇదంతా కళ్లు పెద్దవి చేసుకుని చెప్తుంటే నేను టైమ్ చూసుకుంటూ నిలబడ్డాను. షో మొదలైపోతోందని నా బాధ. కాలేజీలో కూడా "మీ నాన్న ఏం చేస్తారు" అంటే "హెల్త్ డిపార్ట్‌మెంట్" అనేవాణ్ణి. వినేవాళ్లు డాక్టర్ అనుకుంటే అనుకోనీ అని ఊరుకునేవాణ్ణి.

గోడ మీద అగ్గిపుల్ల

మ్యూజియం చిన్నదే. రెండో అంతస్తులో ఒక పొడవాటి హాలు. గోడకి వరసగా ఫ్రేములు, ఒక్కో ఫ్రేము పక్కన చిన్న కార్డు. కార్డు మీద తీసినవాళ్ల పేరు, ఊరు, అదేం వస్తువు, ఏ పద్ధతిలో తీశారు, లెన్స్ ఎన్ని రెట్లు. మేం వెళ్లినప్పుడున్నవి 2023 పోటీవి. అది 49వ ఏడాది. దాదాపు 1900 ఫొటోలొస్తే అందులోంచి ఎంచినవి.

ఫోన్‌లో చూడటానికీ ఇక్కడ చూడటానికీ తేడా మావాడికే ముందు తెలిసింది. రెండో బహుమతి వచ్చిన ఫొటో దగ్గర ఆగిపోయాడు. జర్మనీలోని కొలోన్‌కి చెందిన ఓలే బీల్‌ఫెల్ట్ తీసింది. అగ్గిపుల్ల అగ్గిపెట్టె అంచుకి రాసుకుని, అప్పుడే అంటుకుంటున్న క్షణం. మనం రోజూ స్టవ్ వెలిగించేటప్పుడు చూసేదే. కానీ మనకి కనిపించేది మంట మాత్రమే. అక్కడ మందు ముక్క పగులుతోంది, గరుకు పట్టీ రాళ్ల గుట్టలా ఉంది, నిప్పు ఆ సందుల్లోంచి పుట్టుకొస్తోంది.

"గిది ఫోన్ల చూస్తే స్వైప్ చేసేటోణ్ణి భయ్," అన్నాడు.

తర్వాత ఒక చిన్న టరాంటులా సాలీడు విషపు కోరలు. జల్లెడ కన్నాల మీద కూర్చున్న ఒక నల్లటి గోళీ, పక్కన కార్డు చదివితే అది ఆకాశం నుంచి పడిన ఉల్క ధూళి. ఇలాంటి రేణువులు మామూలు ఇళ్ల కప్పుల మీద కూడా దొరుకుతాయి. చైనా మూన్ మాత్ అనే చిమ్మట రెక్క మీది పొలుసులు, అచ్చం పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి. ఇంకో ఫ్రేములో నెమలి ఈకల్లా విచ్చుకున్న రంగుల స్ఫటికాలు. అవి కెఫీన్. మా టీమ్ మొత్తం రోజూ నాలుగు కప్పుల చొప్పున తాగేది ఇంత అందంగా ఉంటుందా అని నవ్వుకున్నాం. తీసిన స్టెఫాన్ ఎబర్‌హార్ట్ పనిచేసేది యూనివర్సిటీ ఆఫ్ జార్జియాలోనే, అంటే మా రాష్ట్రంలోనే.

మూడో బహుమతి ఫొటో ముందు మాత్రం ఇద్దరం నవ్వలేదు. రొమ్ము క్యాన్సర్ కణాలు. అందంగా ఉంది. అందంగా ఉందని పైకి అనడానికి మాత్రం నోరు రాలేదు.

ఈ పోటీకి పెద్ద శాస్త్రవేత్తలే పంపాలని లేదు. 2014లో మొదటి బహుమతి గెలిచిన రొహేలియో మొరేనో పనామాలో కంప్యూటర్ ప్రోగ్రామర్. మైక్రోస్కోపీ తనంతట తానే నేర్చుకున్నాడు. రోటిఫర్ అనే నీటి జీవి కెమెరా వైపు తిరిగి నోరు తెరిచే క్షణం కోసం గంటల తరబడి కాచుకుని కూర్చున్నాడు. మనలాంటివాడే. మనం ఆ గంటలు రీల్స్‌కి ఇస్తున్నాం, అంతే తేడా.

ఈ రంగులు నిజమేనా?

సాఫ్ట్‌వేర్‌వాళ్లం కదా, ఏ ఫొటో చూసినా ముందు అనుమానమే. "ఎడిటింగ్ ఎంత, ఒరిజినల్ ఎంత?" అని చర్చ మొదలైంది.

కొంత నాకు తెలుసు. మైక్రోస్కోప్‌లో ఒకసారి పల్చటి పొర మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది. సాలీడు కోర కొన మీద ఫోకస్ పెడితే మొదలు మసకవుతుంది. అందుకని లెన్స్‌ని వెంట్రుకవాసి జరుపుతూ పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ ఫొటోలు తీస్తారు. ఒక్కోదాంట్లో స్పష్టంగా ఉన్న భాగాన్ని మాత్రం తీసుకుని, సాఫ్ట్‌వేర్‌తో ఒకటిగా కలుపుతారు. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. 2018లో గెలిచిన ముక్కుపురుగు కన్ను ఫొటో అలా వందకి పైగా ఫొటోలు పేర్చి చేసిందే.

రంగుల సంగతి వేరే. కణాలకి మామూలుగా రంగుండదు, గాజులా ఉంటాయి. అందుకని ఏ భాగం చూడాలో ఆ భాగానికే అతుక్కునే మెరిసే పదార్థాలు వేస్తారు. వాటి మీద లేజర్ కాంతి వేస్తే వెలుగుతాయి. ఆ వెలుగుని కెమెరా పట్టుకుంటుంది. ఏ భాగాన్ని ఏ రంగులో చూపించాలన్నది చాలాసార్లు కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి నిర్ణయం.

"అంటే ఫిల్టర్ ఏసినట్టే గదా. చీటింగ్ భయ్," అని తీర్పిచ్చేశాడు మావాడు.

దీనికి జవాబు చెప్పగల మనిషి నాకు తెలుసు. టైమ్ చూశాను. మధ్యాహ్నం పన్నెండున్నర. రాజమండ్రిలో రాత్రి పది. నాన్న ఇంకా పడుకుని ఉండరు. వీడియో కాల్ చేశాను.

"మేమూ రంగు వేసే చూసేవాళ్లం కదరా," అన్నారు నాన్న, విషయం విని. రిటైరయ్యాక ఆ గొంతులో అంత హుషారు వినలేదు నేను. "రంగు వేయకపోతే స్లైడ్ మీద ఏముంటుంది? ఏమీ ఉండదు. జేఎస్‌బీ స్టెయిన్ వేస్తే క్రిమి ఒళ్లు నీలంగా, గింజ ఎర్రగా కనపడుతుంది. ఉంగరానికి రాయి పొదిగినట్టు. లేని క్రిమిని రంగు తెచ్చి పెట్టదు. ఉన్నదాన్ని చూపిస్తుంది. ఆ అబ్బాయికి చెప్పు."

మావాడు ఫోన్ దగ్గరికొచ్చి, "నమస్తే అంకుల్, ఒప్పుకున్న" అన్నాడు.

మొదటి బహుమతి

"సరే, మొదటి బహుమతి ఎవరికిచ్చారు? చూపించు," అన్నారు నాన్న.

హాలు చివర, విడిగా ఒక గోడ మీద ఉంది. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలోని లయన్స్ ఐ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన హసనైన్ కంబారి, జేడెన్ డిక్సన్ తీశారు. ఎలుక జాతి జంతువు కంటి వెనక భాగం. కంటి నుంచి మెదడుకి వెళ్లే నరం బయల్దేరే చోటు. నల్లటి నేపథ్యంలో ఒక సుడిగుండం. పచ్చటి రక్తనాళాలు నడిమధ్య నుంచి నలువైపులకీ పాకాయి. వాటి మధ్య పసుపు రంగు నక్షత్రాల్లాంటి కణాలు, ఎర్రటి పోగులు.

కార్డు చదివి నాన్నకి చెప్పాను. మన కంట్లో కూడా ఇలాంటి చోటే ఉంటుంది. అక్కడి నుంచి దాదాపు 10 లక్షల నరాల పోగులు కట్టగా మెదడుకి వెళ్తాయి. ఆ చోట కాంతిని పట్టుకునే కణాలుండవు కాబట్టి, కంట్లో అదొక్కటే ఏమీ చూడలేని చోటు. కంబారి చేసే పరిశోధన డయాబెటిక్ రెటినోపతి మీద. అంటే షుగరు వల్ల కంటి తెరకి వచ్చే జబ్బు. షుగరు ఎక్కువకాలం అదుపు తప్పితే ఆ తెర మీది సన్నటి రక్తనాళాలు దెబ్బతిని, కారడం మొదలవుతుంది.

ఫోన్‌ని ఫ్రేముకి దగ్గరగా పట్టుకున్నాను.

"కనిపిస్తోందా నాన్నా?"

"ఆఁ. ఎర్రగా ఉంది."

"ఎరుపు కొంచెమే నాన్నా. ఆ పచ్చ నాళాలు చూడండి, ఎలా పాకాయో."

కాసేపు మాట లేదు. నెట్ ఆగిందేమో అనుకున్నాను. స్క్రీన్‌లో నాన్న మొహం ఫోన్‌కి బాగా దగ్గరగా వచ్చింది. తల కొంచెం పక్కకి వంచి, కుడి కన్ను మూసి, ఎడం కంటితో చూస్తున్నారు. మైక్రోస్కోప్ ముందు కూర్చునే అలవాటేమో అనుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది. మైక్రోస్కోప్‌లో ఆయన ఎప్పుడూ చూసేది కుడి కంటితో.

"సిగ్నల్ సరిగా లేదనుకుంటా రా. మసగ్గా వస్తోంది," అన్నారు.

సిగ్నల్ బానే ఉంది. నాకు ఆయన వెనక గోడ మీది క్యాలెండర్ అంకెలు కూడా కనిపిస్తున్నాయి.

"నాన్నా, మీ వెనక క్యాలెండర్‌లో ఇవాళ తిథి ఏముందో చదవండి," అన్నాను.

నాన్న మాట్లాడలేదు. ఫోన్ చేతులు మారింది. అమ్మ.

"మూడు నెలలైంది రా పేపర్ చదవడం మానేసి. నేనే చదివి వినిపిస్తున్నా. కంట్లో నల్లగా దారాలు తేలుతున్నాయంటారు. అద్దాలు మార్చుకుంటే పోతుందంటారు. నీకు చెప్తే కంగారు పడతావని చెప్పొద్దన్నారు."

నాన్నకి షుగరు వచ్చి 12 ఏళ్లయింది. నేను అమెరికా వచ్చి మూడేళ్లు. వారానికి రెండుసార్లు వీడియో కాల్. ఆ కాల్స్‌లో నేనడిగేది "షుగరు ఎంతుంది?" అని. ఒక అంకె చెప్పేవారు. "బానే ఉంది" అనేసి సంగతులు మార్చేవాళ్లం. ఒక్క ఫీల్డు చూసి నెగటివ్ రాసేశాను నేను.

హాలు బయట బెంచీ మీద కూర్చుని నాన్నతో మళ్లీ మాట్లాడాను. కోపం వచ్చింది, కానీ ఏం కోప్పడతాను? "నాన్నా, గూడేల్లో జనం సూదికి భయపడి పారిపోతే మీరేం చేసేవారు?" అన్నాను.

"వెంటపడి తెచ్చేవాళ్లం," అన్నారు.

"మరి నేను అంత దూరం నుంచి వెంటపడలేను. మీరే వెళ్లాలి."

చాలాసేపటికి, "సోమవారం వెళ్తాం లే," అన్నారు. "అక్కడ కూడా ఏదో రంగు ఎక్కించి ఫొటో తీస్తారట కదా. చూద్దాం వాళ్ల స్టెయినింగ్ ఎలా ఉంటుందో."

తిరుగు దారిలో మావాడు ఏమీ అనకుండా ఆ శెనక్కాయల బోర్డు దగ్గర కారాపాడు. వేడిగా, ఉప్పగా ఉన్నాయి. ఇద్దరం కారు బానెట్‌కి ఆనుకుని తిన్నాం. వాడు మెల్లగా, "మా అమ్మకు గూడ షుగరుంది భయ్," అని వాళ్ల ఇంటికి ఫోన్ కలిపాడు.

వాట్సాప్‌కి వచ్చిన ఫొటో

సోమవారం రాజమండ్రి కంటి ఆస్పత్రిలో చుక్కలు వేసి, కంటిపాప పెద్దది చేసి చూశారు. డాక్టర్ చెప్పింది అమ్మ రాసుకుని నాకు చదివింది. రెండు కళ్లకీ రెటినోపతి. కుడి కంట్లో రక్తం కారింది. ఎడం కన్నులో ఇంకా తొలి దశ. ఎడం కన్ను కాపాడుకోవచ్చు. కుడి కన్నుకి లేజర్, ఇంజెక్షన్లు, కొంతవరకు తిరిగి రావచ్చు, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేం. ఆరు నెలల ముందు వచ్చుంటే బావుండేది అన్నారట. ఆ ముక్క చదివేటప్పుడు అమ్మ గొంతు తగ్గింది.

ఇక్కడ మీకొక మాట. ఇది చదివేవాళ్లలో చాలామంది ఇళ్లల్లో షుగరున్న అమ్మో నాన్నో ఉంటారు. ఈ జబ్బు మొదట్లో నొప్పి ఉండదు, చూపులో తేడా కూడా తెలియదు. తెలిసేసరికి లోపల చాలా జరిగిపోయి ఉంటుంది. తొలి దశలో పట్టుకుంటే షుగరు, బీపీ అదుపులో పెట్టి, అవసరమైతే లేజర్‌తోనో ఇంజెక్షన్లతోనో ఆపొచ్చు. పోయిన చూపు తేవడం కష్టం, ఉన్న చూపు నిలబెట్టడం సాధ్యం. అద్దాల షాపులో నంబరు చూపించుకోవడం దీనికి సరిపోదు. ఏడాదికి ఒకసారి కంటి డాక్టర్ దగ్గర, చుక్కలు వేయించి, కంటి వెనక తెర చూపించాలి. వీడియో కాల్‌లో "ఎలా ఉన్నారు" అంటే "బానే ఉన్నాం" అనే అంటారు. ఒకసారి క్యాలెండర్ చదవమనండి.

మంగళవారం పొద్దున నేను లేచేసరికి వాట్సాప్‌లో నాన్న దగ్గర్నుంచి ఒక ఫొటో. కంటి వెనక తెరది, ఆస్పత్రిలో తీసింది. నారింజ రంగు పళ్లెంలాంటి గుండ్రం. ఒక పక్కన లేత పసుపు బిళ్ల, అక్కడి నుంచి నలువైపులకీ పాకిన ఎర్రటి నాళాలు. మ్యూజియం గోడ మీద చూసిన చోటే. బహుమతి ఫొటోలో నాళాలు పచ్చగా, ఏ మచ్చా లేకుండా ఉన్నాయి. దీంట్లో అక్కడక్కడా ఎర్రటి మరకలు, పాలపొంగు ఆరిపోయినట్టు తెల్లటి చుక్కలు. చాలాసేపు చూశాను. ఒక మూల నుంచి మొదలుపెట్టి, జూమ్ చేసి, కొంచెం కొంచెం జరుపుతూ.

కింద నాన్న వాయిస్ మెసేజ్ పెట్టారు.

"ఎడం కంటితో చూశా రా. ఫోకస్ బానే ఉంది. రంగు ఎక్కించకుండానే తీశారు ఇది, రంగుది వచ్చే వారం తీస్తారట. కుడి కన్ను ఫొటోలో మరకలు ఎన్నున్నాయో లెక్కపెట్టా. పదకొండు. డాక్టరు గారు తొమ్మిదన్నారు. రేపు వెళ్లి చెప్తా."